రామేశ్వరం గాలి: సూచనను ఎంతవరకు నమ్మాలి?



గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయి, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు అనే హెచ్చరిక తీరప్రాంతం వాళ్లకు కొత్త కాదు. రేడియోలో ఆ మాట వినబడగానే కళింగపట్నం నుంచి కృష్ణపట్నం దాకా పడవలు ఒడ్డుకు చేరతాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది మాత్రం గాలి లేస్తుందని వింటే సంచీ సర్దుకునే మనుషుల గురించి, వాళ్లు ఫోన్‌లో రోజూ చూసుకునే గాలి అంకెల గురించి.

ఆ ఆట పేరు కైట్‌సర్ఫింగ్. కాళ్ల కింద బోర్డు, నడుముకు హార్నెస్, ఇరవై మీటర్లకు పైగా పొడవున్న తీగల చివర గాలి నింపిన పెద్ద పటం. ఆ పటం లాగుతుంటే మనిషి నీటి మీద జారిపోతాడు. నీళ్లలో పడినా మళ్లీ పైకి లేవగల ఇలాంటి పటానికి ఫ్రాన్స్‌లో బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు 1984లో పేటెంట్ కోరారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇది మొదటిసారి పతకాల క్రీడ అయింది. పోటీలు మార్సే నగరం దగ్గర మధ్యధరా సముద్రంలో పెట్టారు. ప్రపంచంలోని అత్యుత్తమ క్రీడాకారులు, వాళ్ల వెంట వాతావరణ నిపుణులు, అంతా సిద్ధం. అయినా గాలి చాలక పందేలు వాయిదాలు పడ్డాయి. తీరా జరిగాక, సింగపూర్ జాతీయ దినమైన ఆగస్టు 9న ఆ దేశానికి చెందిన పదిహేడేళ్ల మాక్స్ మేడర్ కాంస్యం గెలిచాడు.

మన దేశంలో ఈ ఆటకు ముఖ్యమైన చోటు రామేశ్వరం ద్వీపం. దక్షిణాన మన్నార్ సింధుశాఖ, ఉత్తరాన పాక్ అఖాతం, రెండు వైపులా లోతు తక్కువ నీళ్లు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్యపు గాలి. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో సెలవు పెట్టి అక్కడికి వెళ్లాలనుకునే మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. వచ్చే శనివారం 18 నాట్లని ఫోన్ చెబుతోంది, టికెట్ తీసుకోవచ్చా?

నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 18 నాట్లంటే గంటకు 33 కిలోమీటర్ల పైచిలుకు. ఈ ఆటకు అది మంచి గాలి. అయితే నా జవాబు ఇది: ఏ రోజు గాలి ఉంటుంది, ఏ దిక్కు నుంచి వస్తుంది అన్న విషయంలో ఆ ఫోన్‌ను చాలావరకు నమ్మవచ్చు. ఏ గంటకు ఎంత, మధ్యలో ఎంత ఎగదన్నుతుంది అన్న విషయంలో నమ్మకూడదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే టికెట్ డబ్బులు పోతాయి, కొన్నిసార్లు ఎముకలు విరుగుతాయి.

ఎందుకో చెబుతాను. ఆ 18 అనే అంకె ఏమిటో ముందు చూద్దాం. అది నేలకు పది మీటర్ల ఎత్తున వీచే గాలికి కట్టిన సగటు. ప్రపంచమంతటా వాతావరణ శాఖలు గాలిని ఆ ఎత్తునే లెక్కిస్తాయి. మన పటం ఉండేది ఇంకా పైన. మనం నిలబడేది కింద. సగటు 18 అంటే నిమిషం నిమిషానికి అది 14కి దిగి, 23కి ఎగబాకుతూ ఉండవచ్చు. సగటుకూ ఎగదోపుకూ మధ్య ఉన్న ఆ తేడాను మామూలు మాటల్లో తక్కువ చేసి చూస్తాం గానీ, గాలి తోపు వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 15 నాట్లు 20 అయితే వేగం పెరిగింది మూడో వంతే, లాగుడు మాత్రం దాదాపు ఒకటి ముప్పావు రెట్లు అవుతుంది. 20 కాస్తా 30 అయితే రెండుంబావు రెట్లు. అందుకే 75 కిలోల మనిషి 16 నాట్లకు 12 చదరపు మీటర్ల పటం కడితే, 22 నాట్లకు 9 చదరపు మీటర్ల పటానికి దిగుతాడు. ఇరవై నాలుగు గంటల ముందు ఇచ్చే గాలి అంచనాలో సెకనుకు ఒకటి రెండు మీటర్ల తేడా మామూలే. అది రెండు నుంచి నాలుగు నాట్లు. గొడుగు పట్టుకు నడిచేవాడికి అదొక లెక్క కాదు. పటం పట్టుకున్నవాడికి మాత్రం ఏ పటం కట్టాలన్న నిర్ణయమే మారిపోతుంది.

ఇక ఆ అంకె ఎక్కడ తయారవుతుందన్నది చూడాలి. విండ్‌గురు, విండీ, విండ్‌ఫైండర్ లాంటి యాప్‌లలో మీరు చూసే అంకెలు చాలావరకు వాతావరణ కేంద్రాలు నడిపే మోడళ్లవి. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్, జర్మనీ వాళ్ల ఐకాన్, యూరప్ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్, మన వాతావరణ శాఖ 2025 మేలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఇలాంటివే. పెద్ద కంప్యూటర్లు భూగోళాన్ని గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో గాలి, వేడి, తేమ ఎలా మారతాయో లెక్కకడతాయి. కాబట్టి రెండు యాప్‌లు ఒకే మాట చెప్పాయని ధైర్యపడకండి. రెండూ ఒకే మోడల్ అంకెను తెచ్చి చూపిస్తుండవచ్చు. ఒక సాక్షిని రెండుసార్లు అడిగి ఇద్దరు సాక్షులు అనుకోకూడదు. వేర్వేరు మోడళ్లను ఎంచుకుని పక్కపక్కన పెట్టి చూడండి. అవి కలిస్తే అప్పుడు దానికి విలువ ఉంది.

గడి పరిమాణం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. జీఎఫ్ఎస్ గడి దాదాపు 13 కిలోమీటర్లు, యూరప్ మోడల్‌ది 9, మన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ది 6. వల కన్ను కంటే చిన్న చేప వలలో నిలవదు కదా, ఇదీ అంతే. పైగా ఒక గాలి తీరును మోడల్ సరిగా పట్టాలంటే దానికి ఒక గడి చాలదు, అయిదారు గళ్లయినా కావాలి. రామేశ్వరం ద్వీపం పొడవు దాదాపు 30 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల రెండు మూడు కిలోమీటర్లయినా ఉండదు, ధనుష్కోటి వైపు అది ఇసుక తోకలాగా సన్నబడిపోతుంది. 9 కిలోమీటర్ల గడికి ఆ ద్వీపం ఉండీ లేనట్టే. ఆ గడిని మోడల్ నేలగా లెక్కించిందా, నీరుగా లెక్కించిందా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. నేల గరుకు గాలిని ఆపుతుంది, నీటి నునుపు సాగనిస్తుంది. అందువల్ల ఒకే తీరానికి ఒక మోడల్ రోజూ నాలుగు నాట్లు తక్కువ చెప్పడం, ఇంకొకటి రోజూ రెండు ఎక్కువ చెప్పడం జరుగుతుంది. రోజూ ఒకే వైపుకు తప్పే మోడల్‌తో బతకవచ్చు, ఆ తేడాను మనమే సరిచేసుకోవచ్చు. ఒకరోజు ఇటూ ఒకరోజు అటూ తప్పేదానితోనే కష్టం.

ఇంత చెప్పాక, మొదట నేను నమ్మవచ్చన్న భాగం సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. రామేశ్వరం నైరుతి గాలి ఎక్కడో పుట్టి ఎక్కడికో పోయే చిన్న గాలి కాదు. అరేబియా సముద్రం మీదుగా వచ్చే రుతుపవన ప్రవాహమది. భూమికి దాదాపు కిలోమీటరున్నర ఎత్తున అది అతి వేగంగా పరుగెత్తుతుందని, ద్వీపకల్ప భారతం మీదుగా సాగుతుందని 1966లో పి.వి.జోసెఫ్, పి.ఎల్.రామన్ అనే మన వాతావరణ శాస్త్రజ్ఞులు చూపించారు. పడమటి కనుమలు ఆ గాలికి అడ్డుగోడ. పాలక్కాడ్ దగ్గర దాదాపు 30 కిలోమీటర్ల వెడల్పున, దక్షిణాన షెన్‌కోట, అరల్‌వాయ్‌మొళి దగ్గర ఇంకా ఇరుకుగా ఆ గోడకు సందులున్నాయి. వాటిలోంచి దూసుకొచ్చిన గాలే దక్షిణ తమిళనాడు మైదానాల మీద పడుతుంది. అరల్‌వాయ్‌మొళి సందు ముఖాన ఉన్న ముప్పందల్‌లో వేలకొద్దీ గాలిమరలు ఊరికే వెలవలేదు.

ఇంత విస్తారమైన గాలిని మోడళ్లు బాగా పట్టగలవు. వందల కిలోమీటర్ల మేర పరుచుకున్న ప్రవాహానికి 9 కిలోమీటర్ల గడి ధారాళంగా సరిపోతుంది. ఇలాంటి పెద్ద వాతావరణ తీరుల సూచన గత నాలుగు దశాబ్దాల్లో దశాబ్దానికి ఒకరోజు చొప్పున మెరుగుపడిందని వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అంటే పదేళ్ల కిందట మూడు రోజుల ముందు ఎంత నమ్మకంగా చెప్పేవాళ్లో, ఇప్పుడు నాలుగు రోజుల ముందు అంత నమ్మకంగా చెబుతున్నారు. ఇది చిన్న విజయం కాదు. ఇందులో మన పాలూ ఉంది. సముద్రం మీద గాలిని కొలిచే సాధనాలు చాలా తక్కువ. ఆ లోటును ఉపగ్రహాలు తీరుస్తున్నాయి. నీటి మీద గాలి లేపే చిన్న చిన్న ముడతల్ని రాడార్ తరంగాలతో తడిమి, గాలి వేగం, దిక్కు పసిగట్టే పరికరాన్ని ఇస్రో 2009లో ఓషన్‌శాట్-2 మీద, 2016లో స్కాట్‌శాట్ మీద, 2022 నవంబరులో ఈఓఎస్-06 మీద పంపింది. ఆ మూడూ మన శ్రీహరికోట నుంచే లేచాయి. తీరప్రాంతాలకు అలలు, గాలులు ఎలా ఉంటాయో చెప్పే ఇన్‌కాయిస్ కేంద్రం హైదరాబాదులోనే ఉంది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊరు దేశం మొత్తానికీ సముద్రం కబురు చెబుతోందంటే నాకు ఎప్పుడూ సంతోషమే. రామేశ్వరం వెళ్లేవాళ్లు గాలి యాప్‌తో పాటు ఆ కేంద్రం ఇచ్చే అలల సూచన కూడా చూడాలని నా మాట.

పెద్ద గాలికీ ఊపులుంటాయి. రుతుపవనం కొన్నిరోజులు ఉరకలేస్తుంది, కొన్నిరోజులు విరామం తీసుకుంటుంది. ఆ మార్పుతో గాలి ప్రవాహం ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంది. ఈ జరుగుడును నాలుగైదు రోజుల ముందు చెప్పగలరు, పన్నెండు రోజుల ముందు చెప్పలేరు. ఎందుకన్నదానికి అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లోనే దారి చూపాడు: మొదట్లో అతి చిన్న తేడా ఉన్నా చాలు, రోజులు గడిచేకొద్దీ అది పెరిగి లెక్కనంతా మింగేస్తుంది. అందుకే యూరప్ కేంద్రం ఒక్క లెక్క కట్టి ఊరుకోదు. మొదటి స్థితిని కొద్దికొద్దిగా మార్చి 51 లెక్కలు కడుతుంది. యాభై ఒకటీ 15 నుంచి 20 మధ్యే తిరుగుతుంటే శనివారం మీద నమ్మకం పెట్టుకోవచ్చు. కొన్ని 8, కొన్ని 26 అంటుంటే వాటి సగటు 17 అయినా ఆ 17కి అర్థం లేదు. కొన్ని యాప్‌లలో ఈ 51 గీతలూ చూసే వీలుంది. చూసేవాళ్లే తక్కువ. అంకె ఎంతని కాక అంకెలు ఎంత విడిపోయాయని చూడటం నేర్చుకుంటే ఈ విషయంలో సగం చదువు పూర్తయినట్టే.

ఇంకో చిన్న సంగతి. ఈ మోడళ్లు గ్రీనిచ్ కాలమానం ప్రకారం నడుస్తాయి. అక్కడి సున్నా గంట మనకు ఉదయం అయిదున్నర. ఆ లెక్క పూర్తయి ఫోన్‌కు చేరడానికి నాలుగు నుంచి ఏడు గంటలు పడుతుంది. పొద్దున ఆరింటికి మీరు చూసే సూచన రాత్రిదే. పదకొండు తర్వాత ఇంకోసారి చూడండి.

గాలిమరల వాళ్ల కథ ఇక్కడ చెప్పదగ్గది. గాలి అంచనా తప్పితే వాళ్లకు డబ్బు పోతుంది. రోజును పదిహేను నిమిషాల ముక్కలుగా, అంటే 96 ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో ఎంత కరెంటు పుడుతుందో వాళ్లు ముందే రాసివ్వాలి. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2015లో ఈ నిబంధన పెట్టినప్పుడు 15 శాతం దాకా తేడా వస్తే జరిమానా లేదంది. ఎత్తైన స్తంభాల మీద కొలతలు, జీతానికి పెట్టుకున్న నిపుణులు ఉన్నవాళ్లకే అంత వెసులుబాటు కావలసివస్తే, ఉచితంగా వచ్చే ఫోన్ అంకె నుంచి మనం ఎంత ఆశించాలి?

రామేశ్వరం ద్వీపానికి వెళ్లే పాంబన్ వంతెనను చూడండి. 1914లో తెరిచిన ఆ పాత రైలు వంతెన మీద గాలి వేగం కొలిచే పరికరం ఉండేది. గంటకు 58 కిలోమీటర్లు దాటిందా, సిగ్నల్ ఎర్రబడేది, రైలు ఆగేది. సూచనలో ఏముందని రైల్వే వాళ్లు చూడలేదు. వంతెన మీద, ఆ నిమిషాన, గాలి ఎంతుందో చూశారు. 58 కిలోమీటర్లంటే 31 నాట్లు. వందల టన్నుల రైలును ఆపిన గాలి అది. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో పాంబన్ నుంచి ధనుష్కోటి వెళ్తున్న రైలును సముద్రం మింగేసింది. వందమందికి పైగా పోయారు. ధనుష్కోటి మళ్లీ ఊరు కాలేదు. ఆ ద్వీపంలో గాలి గురించి మాట్లాడేటప్పుడు ఆ మనుషుల్ని తలచుకోకుండా ఉండలేను. పటం ఎగరేయడానికి అక్కడికి వెళ్లే ప్రతి పిల్లా పిల్లాడూ ఆ శిథిలాల్ని ఒకసారి చూసి రావాలి.

మోడల్‌కు అసలు చిక్కనిది ఉరుముల మబ్బు. ఎండాకాలం సాయంత్రాలు మన కోస్తాలో చూస్తుంటాం. నల్లగా మబ్బు పడుతుంది, వాన ఇంకా రాదు, ముందు చల్లగా ఒక విసురు వస్తుంది. మబ్బులోపల వాన తడికి చల్లబడి బరువెక్కిన గాలి నిట్టనిలువుగా కింద పడి నేల మీద నలువైపులా పరుచుకుంటుంది. ఆ అంచు తగిలిన నిమిషాల్లో గాలి రెట్టింపవుతుంది, దిక్కు కూడా మారిపోతుంది. ఆ మబ్బు ఏ ఊరి మీద పుడుతుందో 9 కిలోమీటర్ల గడి చెప్పలేదు. మధ్యాహ్నం ఉరుములు రావచ్చని మాత్రం చెబుతుంది. కొత్తగా వచ్చిన కృత్రిమ మేధ మోడళ్లు పెద్ద తీరుల్ని అద్భుతంగా పడుతున్నాయి గానీ, వాటిలో చాలావాటికి ఎగుడుదిగుడుల్ని చదును చేసే అలవాటుంది. ఈ విసురు లాంటివి అక్కడా జారిపోతాయి. ఇక్కడ పనికొచ్చేది రాడార్. చెన్నై, కారైకాల్, మచిలీపట్నం, విశాఖపట్నంలలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లున్నాయి. వచ్చే రెండు మూడు గంటలకు ఆ శాఖ ఇచ్చే తక్షణ సూచన వీటి మీదే ఆధారపడుతుంది. ఆకాశంలో ఉరుము వినబడితే రాడార్ కూడా అక్కర్లేదు. పటం దించాలి. ఇందులో రెండో మాట లేదు.

తప్పులన్నీ సమానం కావన్నది నేను గట్టిగా చెప్పదలుచుకున్న విషయం. సూచన 18 అని గాలి 10 వస్తే ఆ రోజు ఇసుకలో కూర్చుంటాం, అంతే. సూచన 18 అని 30 వస్తే పటం మనిషిని గాలిలోకి ఎత్తి రాళ్ల మీద పడేయగలదు. అందుకని ఒడ్డున నిలబడి ఏ పటం కట్టాలో తేలనప్పుడు చిన్నదే కట్టాలి. గాలి తగ్గినా ప్రమాదమయ్యే చోటు కూడా ఒకటుంది. నైరుతి గాలి వీచేటప్పుడు ద్వీపం ఉత్తర తీరంలో నీళ్లు నున్నగా, చూడముచ్చటగా ఉంటాయి. కానీ అక్కడ గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది. మధ్యలో గాలి పడిపోయి పటం నీళ్లలో కూలితే ఎదురీది ఒడ్డు చేరాలి. అటు పోతే శ్రీలంక జలాలు. సాయం చేసే పడవ లేకుండా అక్కడ దిగకండి.

నీళ్లలోకి దిగేముందు కనీసం పావుగంట సముద్రాన్ని చూడాలి. బ్యూఫోర్ట్ కొలమానం పుట్టి రెండు వందల ఏళ్లు దాటింది, ఇప్పటికీ దానికి సాటి లేదు. అక్కడొకటి ఇక్కడొకటి తెల్లనురగ కనబడితే గాలి 7 నుంచి 10 నాట్లు. తరచుగా కనబడితే 11 నుంచి 16. ఎటు చూసినా తెల్లనురగ ఉండి, తుంపర లేవడం మొదలైతే 17 నుంచి 21. తాటితోపు వెనక నిలబడి గాలిని అంచనా వేయవద్దు. చెట్టు ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి చిందరవందరగానే ఉంటుంది. మరో మాట, ఒడ్డున వలలు బాగుచేసుకునే పెద్దాయన్ని అడగండి. తమిళం రాకపోయినా ఫర్వాలేదు, చెయ్యి ఎటు చూపిస్తాడో చూడండి. ఆయన పడవ ఆ పూట బయలుదేరలేదంటే మీకు కావలసిన జవాబు అందులోనే ఉంది.

ప్రయాణం సంగతికొస్తే, శని, ఆదివారాలకే అని కాక, జూన్ చివరి నుంచి ఆగస్టు లోపు అయిదారు రోజులకు పెట్టుకోండి. టికెట్టు కాలాన్ని బట్టి తీసుకోండి, ఏ రోజు నీళ్లలో దిగాలన్నది మూడు రోజుల ముందు సూచన చూసి అనుకోండి, ఏ పటం అన్నది ఒడ్డున తేల్చుకోండి. వెంట ఒక నోటుబుక్కు ఉంచుకోండి. ముందురోజు ఏ మోడల్ ఎంత చెప్పింది, తీరా గాలి ఎంత వచ్చింది, ఏ దిక్కు నుంచి, ఏ గంటకు అని రాయండి. చేతిలో పట్టుకునే చిన్న గాలిమాపకం ఉంటే ఇంకా మంచిది. వాతావరణ కేంద్రాలూ ఇదే పని చేస్తాయి. పాత సూచనల్ని పాత కొలతలతో పోల్చి, ఒక్కో ఊరికి ఒక్కో దిద్దుబాటు కడతాయి. మీరు దిగే తీరానికి ఆ దిద్దుబాటు ఎవరూ కట్టి ఉండకపోవచ్చు. పక్క గుడారంలో ఉన్నవాళ్ల పుస్తకంతో మీది కలిపి చూసుకోండి, వచ్చే ఏడు వెళ్లేవాళ్లకు దాన్ని ఇవ్వండి.